నేలకు అనుమతి లేదు

పిట్టలమెట్ట మీద రాష్ట్ర ఊర్ధ్వపతన పరిశోధనా సంస్థ వెలిసిందంటే దానికి మూలం ఒక పేపరు కటింగు. ఎక్కడో దూరదేశంలో ఒక శాస్త్రవేత్తకి ఒక ఊహ వచ్చింది. మనం చూసే ప్రతి వస్తువూ పదార్థమే కదా, దానికి సరిగ్గా ఎదురు సరుకు ఒకటుంది, దాన్ని ప్రతిపదార్థం అంటారు. ఈ రెండూ కోర్టుకెక్కిన దాయాదుల్లాంటివి. ఎదురుపడ్డాయంటే రెండూ మిగలవు, ఒక మెరుపు మాత్రం మిగులుతుంది. పదార్థం కిందకి పడుతుంది కాబట్టి ప్రతిపదార్థం పైకి పడుతుందేమో అన్నాడు ఆ శాస్త్రవేత్త. భూమి దాన్ని లాక్కోకుండా తోసేస్తుందేమో, నక్షత్రమండలాలు ఒకదానికొకటి దూరం జరుగుతూ విశ్వం ఇలా విస్తరించడానికి ఆ తోపుడే కారణమేమో అని కూడా అన్నాడు. ఆయన పాపం ప్రతిమాటా అనుమానంగానే అన్నాడు. పేపరువాళ్ళు జాగా చాలక ఆ అనుమానాలన్నీ తీసేసి అచ్చువేశారు.

కటింగు మంత్రిగారి కంటపడింది. "పైకి పడే వస్తువు దేశంలో ఎక్కడా లేదట. మన దగ్గర ఎందుకుండకూడదు?" అని ఆయన సమీక్షా సమావేశంలో అడిగారు. అడిగింది మంత్రిగారు కాబట్టి ఎందుకుండకూడదో అక్కడున్న ఎవరికీ తోచలేదు. వారం తిరక్కుండా జీవో వచ్చేసింది.

మామూలు చోట్ల ముందు పరిశోధన చేస్తారు, ఫలితం తర్వాత తేలుతుంది. ఇక్కడ ఆ ఆలస్యం లేకుండా ఫలితాన్ని పేరులోనే పెట్టేశారు. ఊర్ధ్వపతనమంటే పైకి పడడం. ఏం తేలాలో ముందే తేలిపోయింది కాబట్టి ఇక తేల్చడమే మిగిలిందని ఆర్థిక శాఖవాళ్ళు కూడా సంతోషించారు.

శంకుస్థాపన దగ్గర చిన్న చిక్కు వచ్చింది. పైకి పడే సరుకుకి ఆధారం పైనుండాలి గాని కిందుంటే ఏం ప్రయోజనమని వాస్తు సిద్ధాంతిగారు అడ్డం తిరిగారు. శంకుస్థాపన పైకప్పుకి జరగాలన్నారు. పైకప్పుకి జరగాలంటే ముందు పైకప్పుండాలి, పైకప్పుండాలంటే కింద బిల్డింగుండాలి, శంకుస్థాపన కాకుండా బిల్డింగు కట్టడానికి రూల్సు ఒప్పుకోవు. దానిమీద ఒక కమిటీ కూర్చుంది. చివరికి నాలుగు గుంజల మీద రేకు కప్పొకటి నిలబెట్టి, మంత్రిగారిని క్రేనుతో పైకెత్తి, పునాదిరాయిని ఆ కప్పుకి అతికించారు. తర్వాత గోడలు లేచి అసలు కప్పు పడ్డాక ఆ రాయిని భద్రంగా దానికి మార్చారు. ఇప్పటికీ అది కప్పుకే ఉంది.

డైరెక్టర్ జనరల్‌గా పరాంకుశరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన మత్స్యశాఖలో ఉండి, చెరువుల్లో చేపలకి నీటిప్రమాదాల నివారణ వారోత్సవాలు జరిపించిన మనిషి. ఆఫీసు సూపరింటెండెంటుగా లింగమూర్తి వచ్చాడు. తర్వాత జాయింట్ డైరెక్టర్లు, డిప్యూటీ డైరెక్టర్లు, వాళ్ళ కార్లు, ఆ కార్లకి షెడ్లు వచ్చాయి. అన్నీ వచ్చాక, ప్రతిపదార్థమంటే తెలిసినవాళ్ళు ఒకరైనా ఉంటే బాగుంటుందని ఎవరికో గుర్తొచ్చింది. అలా వచ్చింది డాక్టర్ భ్రమరాంబ, కాంట్రాక్టు మీద.

భ్రమరాంబది చీపురుపల్లి. బక్కపలచని మనిషి, మాట నెమ్మది, పట్టుదల మాత్రం మొండిది. ప్రతిపదార్థాన్ని దేనికీ తగలకుండా అయస్కాంతాల మధ్య నిలబెట్టి ఉంచే బోను ఒకటి ఆవిడ సొంతచేతులతో కట్టింది. తీగె తీగె తనే చుట్టింది. ఆ బోను తలుపు తీస్తే లోపలున్న రేణువులు ఎటు పడతాయో తను కళ్ళారా చూడాలి, చూసింది చూసినట్టు రాసి కింద సంతకం పెట్టాలి. ఆవిడకి జీవితంలో అంతకుమించిన కోరిక లేదు. కిందకే పడుతుందని ఆవిడ నమ్మకం. అయితే నమ్మడం వేరు, చూడడం వేరు, ఆ తేడాకోసమే ఆవిడ ఇన్నేళ్ళు చదివింది.

కళ్ళారా చూడాలంటే డిటెక్టర్లు కావాలి. రేణువు ఎక్కడ తగిలి మెరిసిందో అవి చెబుతాయి. పైకప్పుకి కొన్ని, నేలమీద ఒకటి కావాలని రాసి పంపింది. పైవి మంజూరయ్యాయి, నేలది కొట్టేశారు. అడుగుదామని లింగమూర్తి దగ్గరికి వెళ్ళింది.

లింగమూర్తి చెడ్డవాడు కాదు. రూల్సుతో కాపురం చేసి చేసి వాటి భాషే వచ్చేసిన మనిషి. కుర్చీ చూపించి, టీ తెప్పించాడు.

"కప్పుకి ఎన్ని కావాలంటే అన్ని తెప్పించుకుందామమ్మా. నేలమీద ఎందుకు?"

"అటు పడితే తెలియాలి కదండీ."

"అటు పడదు కదమ్మా."

"పడదని ఎవరన్నారండీ?"

లింగమూర్తి తలుపు మీదున్న సంస్థ బోర్డు వైపు చూపించాడు. "జీవోలో ఉంది. మనం నేలమీద ఒక పరికరం పెట్టీసామనుకో, ప్రభుత్వం మాటమీద మనకే అనుమానం ఉందన్నమాట. రేపు ఆడిట్ వాళ్ళొచ్చి, పడని చోట ఇదెందుకు పెట్టారయ్యా అని అడుగుతారు. పొరపాటున పడిందంటే మరీ అడుగుతారు."

"అలాగైతే పైన పెట్టడం మాత్రం అనుమానం కాదాండీ?"

"అది నిర్ధారణమ్మా," అన్నాడు లింగమూర్తి, టీ కప్పు ఆవిడ వైపు జరుపుతూ. "చల్లారిపోతాది, తాగు."

పరదేశం నుంచి మొదటి సీసా వచ్చింది. సీసా అంటే మామూలు సీసా కాదు, ప్రతిపదార్థాన్ని అయస్కాంతాల మధ్య చలిలో బంధించి ఉంచే పెద్ద పాత్ర. ఎదురువెళ్ళి మేళతాళాలతో తెచ్చారు. భ్రమరాంబ రేణువుల్ని బోనులోకి ఎక్కించి, తలుపు తీసింది. కప్పు డిటెక్టర్ల అంకెలు చూపే మీటరులో సున్నా. మళ్ళీ తీసింది. మళ్ళీ సున్నా. సాయంత్రం దాకా సున్నాయే. నేలకి తగిలి అన్నీ అక్కడే మెరిసి ఆరిపోతున్నాయని ఆవిడకి తెలుస్తూనే ఉంది, కాని అక్కడ చూసే కన్ను లేదు. ఆ పూట ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు పరాంకుశరావుగారు ఫలితం చూసి తల పంకించారు. "శుభం. మన కప్పు పొట్టిదైంది."

"కాదండీ, అటు రాలేదని కూడా అవ్వచ్చు," అంది భ్రమరాంబ.

"చూడండి డాక్టరమ్మగారూ, రాలేదనేది అభావం. అభావాన్ని పై అధికారులకు నివేదించే సంప్రదాయం లేదు. వచ్చింది, పరికరములకు అందనంత వేగంగా వచ్చింది, అందకుండా నిష్క్రమించింది. సున్నా అంటే వేగము యొక్క పరాకాష్ఠ."

ఆ ముక్కే పైకి వెళ్ళింది. కప్పు ఎత్తు పెంచడానికి నిధులొచ్చాయి. బోను మీద అడ్డం రాకుండా నడుమ ఖాళీ వదిలి ఇంకో అంతస్తు లేచింది, పునాదిరాయిని ఊడదీసి కొత్త కప్పుకి అతికించారు. అంతస్తుకొక జాయింట్ డైరెక్టరు కూడా వచ్చాడు. రెండో సీసా తెరిచారు. మళ్ళీ సున్నా వచ్చేసరికి వేగం ఇంకా పెరిగిందని అందరూ ఒకరినొకరు అభినందించుకున్నారు. మరో అంతస్తు లేచింది. ఆ తర్వాత ఎన్ని లేచాయో భ్రమరాంబ లెక్క మానుకుంది. బోను దగ్గర నుంచి తల ఎత్తి చూస్తే కప్పు కనిపించడం మానేసింది, పావురాలు మాత్రం కనిపించేవి. విశ్వం సంగతేమో గాని పిట్టలమెట్ట మీద విస్తరణ మాత్రం కళ్ళముందే జరిగిపోతోంది.

అక్కడితో ఆగితే అది ప్రభుత్వమెందుకవుతుంది. మన సంస్థ నుంచి పైకి పోయిన ప్రతిపదార్థమంతా ఎక్కడికి పోయినట్టు? ఆకాశంలోకి. అక్కడేం చేస్తోంది? విశ్వాన్ని తోస్తోంది. కాబట్టి విశ్వ విస్తరణలో మన రాష్ట్రానికి వాటా ఉందని పరాంకుశరావుగారు పత్రికా ప్రకటన ఇచ్చారు. ఆ వాటా పక్క రాష్ట్రం కంటే ఎక్కువుండాలని పైనుంచి మౌఖికంగా ఆదేశం వచ్చింది. జిల్లాలవారీగా లక్ష్యాలు పెట్టారు. వీడియో కాన్ఫరెన్సులో ఒక్కొక్క కలెక్టర్నీ, మీ జిల్లాలో విస్తరణ ఎంతవరకు వచ్చిందని అడిగారు. చాలామంది పురోగతిలో ఉందన్నారు. ఒకాయన ఉత్సాహంగా నూటికి నూరుపాళ్ళు పూర్తిచేసేశామని చెప్పి, విశ్వాన్ని తన జిల్లాలో ఆపేసినందుకు మెమో తిన్నాడు.

జనం మాత్రం ఊరుకుంటారా. విశ్వమంతా పెరుగుతుంటే నా ఎకరం ఎందుకు పెరగలేదు, పక్కవాడి గట్టు మాత్రం ఎందుకు జరిగిందని ఒక రైతు గ్రీవెన్సులో అర్జీ పెట్టుకున్నాడు. విశ్వ విస్తరణ ప్రభుత్వ భూములకు మాత్రమే వర్తిస్తుందని సర్వే శాఖ జవాబిచ్చింది. మెట్ట కింద ఒక పెద్దమనిషి, కొన్నప్పటికంటే అనుభవించేటప్పటికి పెరిగే ప్లాట్లని ఫ్లెక్సీలు కట్టించాడు.

ఈ సంబరమంతా ఆఖరి సీసా దగ్గరకొచ్చి ఆగింది. పరదేశం వాళ్ళతో ఒప్పందం అయిపోయింది, ఇది తెరిచాక ఇంకొకటి రాదు. దానికి తోడు, ఇన్ని అంతస్తులు కట్టారు కదా, ఒక్క అంకె అయినా పడిందా అని చూడడానికి ఢిల్లీ నుంచి నిపుణుల బృందం వస్తోంది. పరాంకుశరావుగారు భ్రమరాంబని పిలిపించారు.

"కప్పు మీటరులో ఒక్క అంకె పడితే చాలు. ఊర్ధ్వపతన నిర్ధారణ పత్రం మీద మీరు సంతకం పెట్టిన తక్షణం మీ సర్వీసు క్రమబద్ధీకరణ జరిగిపోతుంది. పడని పక్షంలో సంస్థే ఉండదు. ఇంతమంది కుటుంబాలు మీమీద ఆధారపడి ఉన్నాయని సముచితముగా గ్రహించండి."

"నేలమీద ఒక్క డిటెక్టరు పెట్టనివ్వండి సార్. ఇదే ఆఖరు. ఇప్పుడు చూడకపోతే ఇంక నేనెప్పటికీ చూడలేను."

"నేల ప్రస్తావన మనకు వద్దు," అన్నారాయన.

కాంట్రాక్టు ఉద్యోగమంటే ఏమిటో ఆ బతుకు బతికినవాళ్ళకే తెలుస్తుంది. ప్రతి ఏడూ మార్చి నెల వచ్చేసరికి కాంట్రాక్టు పొడిగిస్తారో లేదోనని ఆఫీసు చుట్టూ తిరగాలి. భ్రమరాంబకి పర్మినెంటు కావాలనే ఉంది, ఎందుకుండదు. ఉద్యోగముంటే ఆ బోను తనదిగా ఉంటుంది. ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఇంకో సీసా తెప్పించకపోరు. అందుకని నోరు మూసుకుని తన గదికి వచ్చేసింది.

మన దగ్గర పైనుంచి తనిఖీ వస్తోందంటే ముందు చేసే పని ఒకటుంది. సున్నం వెయ్యడం. లోపల ఏం జరుగుతోందన్నది తర్వాత సంగతి, గోడలు తెల్లగా ఉండాలి, దారిపక్క రాళ్ళకి జేగురు రంగు పడాలి, నిన్న లేని పూలకుండీలు ఇవాళ వరసగా కనబడాలి. అన్నిచోట్లలాగే పిట్టలమెట్టలో కూడా ఈ పనికి ఢిల్లీ బృందం వచ్చే రోజు ఉదయమే కాంట్రాక్టరు మనుషుల్ని పంపాడు.

అదే రోజు భ్రమరాంబ ఆఖరి సీసా తెరవాలి. లోపలి చలి ఇంకొక్క పూట కంటే ఆగదు. ఆవిడ మెట్లెక్కుతుంటే టెక్నీషియన్ దాలినాయుడు ఎదురొచ్చాడు. బోను కట్టినప్పటి నుంచీ ఆవిడకి కుడిచెయ్యి అతనే, అతనిదీ కాంట్రాక్టు బతుకే.

"అమ్మా, సున్నపోళ్ళు వచ్చీసి కప్పుకి ఉన్నవన్నీ దించీసినారు. వైర్లు పీకాలంటే కరెంటు విభాగం ఆర్డరు కావాలంటగదా, అందుకని వైర్లతోటే దించీసినారు. ఇంకెక్కడా జాగా నేక మన బోను కిందనే పరిచీసి పట్టా కప్పినారు. ఇప్పుడేటి చెయ్యాలో నాకు తోచడం నేదు."

భ్రమరాంబ గబగబా లోపలికి వెళ్ళి చూసింది. నిజమే. ఇన్నేళ్ళూ ఒక్కటంటే ఒక్కటి ఇమ్మని బతిమాలింది. ఇప్పుడు సంస్థలో ఉన్న డిటెక్టర్లన్నీ, మంచాల మీద పడుకోబెట్టినంత చక్కగా, సరిగ్గా బోను కింద నేలమీద పరిచి ఉన్నాయి. వైర్లు తగిలించే ఉన్నాయి. వాటిని పైకెక్కించమని ఆవిడ చెప్పాలి, నిజానికి అదే ఆవిడ డ్యూటీ. కాని సున్నం వేసేవాళ్ళు ఇంకా పై అంతస్తుల్లోనే ఉన్నారు. వాళ్ళు దిగకుండా ఎక్కించడానికి లేదు, సీసా అంతవరకూ ఆగదు.

"దాలినాయుడూ, పట్టా తియ్యి," అంది.

తలుపు తియ్యకుండా ముందు కాసేపు మీటరు చూసింది. సున్నా. అప్పుడు కొన్ని రేణువుల్నే వదిలింది. మీటరు టకటకమని అంకెలు చూపించింది. తలుపు మూసింది. సున్నా. మళ్ళీ వదిలింది. మళ్ళీ అంకెలు. నమ్మకం చాలక ఇంకా కొంచెం, ఇంకా కొంచెం వదిలి చూసింది. వదిలినప్పుడల్లా మీటరు పలికింది. చెట్టునుంచి రాలిన చింతకాయ ఎటు పడుతుందో అదీ అటే పడుతోంది. పైన పావురాలు కువకువలాడుతున్నాయి. సున్నం చుక్కలు ఆవిడ జుట్టుమీద పడుతున్నా తుడుచుకోలేదు. అక్కడే నేలమీద చతికిలబడి, "చూశావా, మనలాగే పడుతోంది," అంది.

"అవునమ్మా," అన్నాడు దాలినాయుడు, కొంచెం దిగులుగా. "ఇప్పుడు మన ఉద్యోగాలు కూడా అలాగే పడతాయా?"

ఆ మీటరుకి మీటింగు హాల్లో ఒక పెద్ద తెర తగిలించి ఉంది, వచ్చిన పెద్దలందరూ సున్నాని కళ్ళారా చూడడానికి. ఆ సమయానికి ఢిల్లీ బృందం అక్కడే జీడిపప్పు తింటోంది. సంస్థ పుట్టాక మొదటిసారి తెరమీద అంకెలు పరుగెత్తాయి. పరాంకుశరావుగారు కుర్చీలోంచి లేచి చేతులు జోడించారు. జాయింట్ డైరెక్టర్లు ఒకళ్ళనొకళ్ళు కావిలించుకున్నారు. ఊర్ధ్వపతనం ప్రత్యక్షముగా నిరూపితమైనదని ఆయన ఉపన్యాసం మొదలుపెట్టేసరికి తలనిండా సున్నంతో భ్రమరాంబ లోపలికి వచ్చింది. ఆయన ఆవిడకి పూలదండ వెయ్యబోయారు.

"ఆగండి సార్. డిటెక్టర్లు కప్పుకి లేవు. నేలమీద ఉన్నాయి."

బృందానికి చైర్మన్ తెలుగాయనే, పెద్దవయసు. "నేలమీద ఎందుకున్నాయమ్మా?" అని అడిగారు.

"మీరొస్తున్నారని సున్నం వేస్తున్నారండీ."

పరాంకుశరావుగారి చేతిలో దండ అలాగే ఉండిపోయింది. ఆ సంస్థ కథ అక్కడితో ముగిసిపోవలసిందే. ముగిసేది కూడా, లింగమూర్తి గొంతు సవరించుకోకపోతే.

"ఒక్క మనవి సార్. రికార్డు ప్రకారం ఆ పరికరాలు కప్పుకే ఉన్నాయండి. దించమని ఉత్తర్వు ఎక్కడా లేదు. ఉత్తర్వు లేకుండా ప్రభుత్వ ఆస్తి కిందకి దిగడానికి వీల్లేదు."

"కాని ఆవిడ నేలమీద ఉన్నాయంటోంది కదయ్యా," అన్నారు చైర్మన్.

"అందుకేనండి. పరికరాలు కప్పుకి ఉన్నాయన్నది ఖాయం. మరి అవి ఉన్న చోటుని మేడమ్‌గారు నేల అంటున్నారంటే, మేడమ్‌గారు నేలనుకుంటున్నదే కప్పన్నమాట." లింగమూర్తి అక్కడితో ఆగకుండా తల ఎత్తి పైకి చూశాడు. "పునాదిరాయి ఎక్కడుందో ఒక్కసారి చూడండి సార్. పునాది ఎటుంటే బిల్డింగుకి అదే అడుగు. అంటే ఈ బిల్డింగు మొదటినుంచీ తలకిందులుగానే ఉందండి. ఇన్నాళ్ళూ మనమే గమనించుకోలేదు."

అందరూ తలలెత్తి పునాదిరాయి ఉన్న వైపు చూశారు. మంత్రిగారి పేరు అక్కడ చెక్కి ఉంది. ఆ పేరున్న రాయి తప్పుచోట ఉందనే ధైర్యం ఎవరికుంటుంది. చైర్మన్ కాసేపు ఆలోచించి, రైలు టైమవుతోందన్నారు. ఇంజనీరింగు విభాగం అక్కడికక్కడే బిల్డింగు తలకిందులుగా ఉందని సర్టిఫికెట్టు ఇచ్చింది. ప్రతిపదార్థం కప్పు వైపే పడిందని బృందం హర్షం ప్రకటించింది.

మర్నాటి నుంచి సంస్థలో నేలని కప్పు అనీ, కప్పుని నేల అనీ పిలవాలని ఆఫీసు ఉత్తర్వు వచ్చింది. సిబ్బంది ఇన్నాళ్ళూ కప్పుకి వేలాడుతూ విధులు నిర్వర్తించారని గుర్తించి తలకిందుల భత్యం మంజూరు చేశారు. చేతిలోంచి ఏ వస్తువైనా జారితే అది కప్పుకి చేరినట్టే లెక్క. దాన్ని తియ్యడానికి స్టోర్సుకి రాసి నిచ్చెన తెప్పించుకోవాలి. స్టోర్సులో నిచ్చెన లేదు, టెండరు పిలవాలి. మొదటి రోజు మధ్యాహ్నానికే ఆఫీసులో పెన్నులూ కళ్ళజోళ్ళూ జనం కాళ్ళ చుట్టూ పడి ఉన్నాయి, అందరూ నిచ్చెన కోసం ఎదురుచూస్తున్నారు.

సంతకం ఒక్కటే మిగిలింది. నిర్ధారణ పత్రం భ్రమరాంబ ముందు పెట్టి పరాంకుశరావుగారు చాలా లాలనగా మాట్లాడారు. "మీటరు నిజము, అంకెలు నిజము. మీరు చూసినదే రాశాం. కప్పు ఎక్కడున్నదన్నది మాత్రం ప్రభుత్వ నిర్ణయం."

"కప్పు ఎక్కడుండాలో మీ ఇష్టం సార్. నేను వదిలినవి భూమి వైపు పడ్డాయి. ఆ ఒక్క మాట చేర్చండి, ఇప్పుడే సంతకం పెడతాను."

"భూమి ఈ సంస్థ పరిధిలోకి రాదమ్మా. అది రెవెన్యూ శాఖ."

బయటికి వస్తే దాలినాయుడు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "పెట్టీయమ్మా," అన్నాడు మెల్లగా. "భత్యం వస్తాదని మా ఇంటిది ఊరంతా చెప్పీసుకుంది. పైకైతేనేటి, కిందకైతేనేటి, ఆ రేణువుకేటి తెలుస్తాది పాపం."

"దానికి తెలియదు నాయుడూ. మనం చూశాం కదా."

అతని ముఖం చూసి ఆవిడకి చాలా కష్టమనిపించింది. ఆ రాత్రంతా కొట్టుమిట్టాడి, పొద్దున్నే వచ్చి పత్రంలో వాళ్ళు టైపు చేసిన వాక్యం కొట్టేసి, 'ప్రతిపదార్థం భూమి వైపు పడింది, అన్నీ పడ్డట్టే' అని రాసి సంతకం పెట్టింది. గంటలో మెమో వచ్చింది. ప్రభుత్వ కప్పును నేలగా పరిగణించి దాని గౌరవానికి భంగం కలిగించినందుకు కాంట్రాక్టు రద్దు. భత్యాలకి మాత్రం ఏ ఇబ్బందీ రాలేదు. ఊర్ధ్వపతనాన్ని నిర్ధారిస్తూ సంతకం పెట్టడానికి ఆ సాయంత్రమే ఒక జాయింట్ డైరెక్టరు దొరికాడు.

ఇక బోను గది తాళంచెవి అప్పగిస్తే రిలీవ్ చేసేస్తారు. లింగమూర్తి ఆ గది గుమ్మం దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు. భ్రమరాంబ చివరిసారి లోపలికి చూసింది. తను చుట్టిన తీగెలు, తను బిగించిన అయస్కాంతాలు, కొత్త సున్నం వాసన. తాళం వేసింది. తాళంచెవి చేతిలోంచి జారి ఇద్దరి కాళ్ళ మధ్యా ఠంగుమని పడింది.

ఇద్దరూ దాని వంక చూశారు. లింగమూర్తి వంగలేదు. వరండాలో ఎవరూ లేరని చూసుకుని, గొంతు తగ్గించాడు.

"అమ్మా, నా మాట విను. అది కప్పుకెళ్ళిపోయింది. నిచ్చెన వస్తే గాని తియ్యలేం. తాళంచెవి అప్పగించకుండా నిన్ను రిలీవ్ చెయ్యడానికి నాకు రూలు లేదు. రిలీవ్ అవనంతవరకు నీ జీతం నీకొస్తాది, నీ గది నీకుంటాది. టెండరంటావా, ముందు నిచ్చెన ఎటు నిలబెట్టాలో తేల్చాలి, దానికి కమిటీ పడతాది. అది తేలేసరికి నువ్వు హాయిగా రిటైరయిపోతావు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మాయి ఈడుదానివి. నువ్వేమీ రాయక్కర్లేదు, సంతకం అక్కర్లేదు. అలా వదిలేసి నీ సీట్లోకెళ్ళి కూర్చో. అంతే."

ఇన్నేళ్ళలో ఆ ఆఫీసులో భ్రమరాంబకి జరిగిన మంచి అదొక్కటే, అదీ ఇలా జరిగింది. ఆవిడ మూసిన తలుపు వంక చూసింది, కాళ్ళ దగ్గరున్న తాళంచెవి వంక చూసింది.

వంగి తాళంచెవి తీసి ఆయన చేతిలో పెట్టింది.

లింగమూర్తి నిట్టూర్చాడు. జేబులోంచి కాగితం తీసి గోడకానించి, రిలీవింగ్ ఆర్డరు రాయడం మొదలుపెట్టాడు. కొంచెం రాసి ఆగి, "ఎక్కడ దొరికిందని రాయమంటావు?" అన్నాడు.

"కిందనండీ."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు, తర్వాత తన కాళ్ళ దగ్గర నేలవైపు చూశాడు. పైనుంచి పావురం ఈక ఒకటి మెల్లగా దిగివచ్చి ఆయన చెప్పు పక్కన వాలింది. ఆ ఈక వాలేదాకా చూసి, తల వంచి, సర్వీసంతా వదలని ఆ గుండ్రటి దస్తూరీతో రాశాడు, 'తాళంచెవి స్వాధీనం చేసుకోవడమైనది. నిచ్చెన అవసరం కలగలేదు.'